పేస్‌మేకర్ చోట చీము పడితే: మాత్రలా, శుభ్రం చేయించడమా, మొత్తం తీయించడమా?

పేస్‌మేకర్ బ్యాటరీ మార్చి ఏడాదో రెండేళ్లో అవుతుంది. భుజం ఎముక కింద యంత్రం ఉన్న చోట చర్మం కమిలినట్టు ఎర్రబడుతుంది. కొన్నాళ్లకు అగ్గిపుల్ల తలంత రంధ్రం పడి, బనియనుకు జిగట మరక అంటుకుంటుంది. జ్వరం ఉండదు, ఆకలి బాగానే ఉంటుంది. దగ్గర్లోని డాక్టరు వారం రోజులకు యాంటీబయాటిక్ రాస్తారు, తడి ఆరిపోతుంది. నెల తిరిగేసరికి అదే చోట మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఒక డాక్టరు బలమైన ఇంజెక్షన్లు అంటారు, ఇంకొకరు తెరిచి శుభ్రం చేద్దామంటారు, మూడో ఆయన యంత్రంతోపాటు గుండెలోకి వెళ్లిన తీగలన్నీ తీసేయాలంటారు. మూడో మాట వినగానే ఇంట్లో అందరూ బెదిరిపోతారు.

నేను ఏ పక్షమో ముందే చెబుతాను. ఇన్ఫెక్షన్ పాకెట్‌లోకి, అంటే యంత్రం కోసం చర్మం కింద చేసిన సంచిలాంటి చోటులోకి, చేరిందని తేలితే ఆ మూడో ఆయన మాటే సరైనది. అమెరికా, యూరప్ గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలన్నీ ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి. నిజంగా బేరీజు వేసుకోవాల్సిన ఎంపికలు వేరే ఉన్నాయి: అది నిజంగా పాకెట్ ఇన్ఫెక్షనేనా, ఎక్కడ తీయించాలి, ఎంత త్వరగా తీయించాలి, తీశాక మళ్లీ ఏది పెట్టించుకోవాలి.

## దేన్ని బట్టి నిర్ణయించాలి

మొదటిది, ఇన్ఫెక్షన్ ఎంత లోతుకు వెళ్లింది: కుట్టు దగ్గర పైచర్మంలోనే ఉందా, పాకెట్‌లో ఉందా, లీడ్ల (యంత్రం నుంచి గుండెలోకి వెళ్లే తీగల) వెంట గుండెలోకి చేరిందా, కవాటాన్ని పట్టిందా. రెండోది, ఏ సూక్ష్మజీవి. మూడోది, యంత్రం ఆగిపోతే ఆ మనిషి గుండె సొంతంగా కొట్టుకోగలదా. నాలుగోది లీడ్ల వయసు. ఏడాది లోపు లీడ్ చాలాసార్లు మామూలుగా లాగితే వచ్చేస్తుంది. పదేళ్ల లీడ్ సిర గోడకు, గుండె కండరానికి అతుక్కుపోయి ఉంటుంది. ఐదోది ఆసుపత్రి అనుభవం. దీని గురించి అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. నా లెక్కలో మాత్రం మొదటి అంశం తర్వాత అంత బరువున్నది ఇదే.

ఖర్చును ఈ వరుసలో కావాలనే చేర్చలేదు. దాని సంగతి చివర్లో.

## అది ఇన్ఫెక్షనేనా?

| కనిపించేది | ఎక్కువగా అది ఏమిటి | ఏం చేయాలి |
|---|---|---|
| ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో కుట్టు దారం చుట్టూ చిన్న పొక్కు, కింద వాపు లేదు | పైచర్మం ఇన్ఫెక్షన్ | 7 నుంచి 10 రోజుల మాత్రలు, దగ్గరగా గమనించడం. యంత్రం తీయనక్కర్లేదు |
| ఒకటి రెండు రోజుల్లోనే నీలం రంగు, ఉబ్బు | లోపల రక్తం చేరడం | సూది గుచ్చించకూడదు. కుట్లు విడేంత బిగువుగా ఉంటే ఆపరేషన్ గదిలోనే చూడాలి |
| ఎరుపు, వేడి, వాపు, నొప్పి, చీము కారడం | పాకెట్ ఇన్ఫెక్షన్ | రక్త కల్చర్లు (రక్తంలో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష), ఆ తర్వాత మొత్తం తీయడం |
| చర్మం పలచబడి నిగనిగలాడటం, యంత్రం మూల పైకి పొడుచుకు రావడం | చర్మం చిల్లు పడబోతోంది | ఆ వారంలోనే గుండె డాక్టరుకు చూపించడం |
| లోహమో తీగో బయటికి కనిపించడం | చీము లేకపోయినా ఇన్ఫెక్షన్ కిందే లెక్క | మొత్తం తీయడం |
| పాకెట్ బాగానే ఉంది, కానీ చలిజ్వరం, బరువు తగ్గడం, మళ్లీ మళ్లీ నిమ్ము | లీడ్ లేదా కవాటం ఇన్ఫెక్షన్ | రక్త కల్చర్లు, గొంతు ద్వారా ఈకో (గుండె స్కానింగ్) |

నాలుగో వరుస దగ్గర కొంచెం ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న పాకెట్ మీద చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుంటే మడతగా పైకి లేస్తుంది, కింద యంత్రం కొద్దిగా కదులుతుంది. ఇన్ఫెక్షన్ మొదలైన చోట చర్మం ఊదారంగుకు తిరిగి, యంత్రానికి అతికించినట్టు అయిపోతుంది. ఒక మూల దగ్గర మరీ పలచబడి, లోపలి లోహపు అంచు గీతలా తెలుస్తుంది. చర్మం ఇంకా చిట్లకముందు, ఇన్ఫెక్షన్ ఆనవాళ్లేవీ లేకపోతే, యంత్రాన్ని సరిచేసి కాపాడుకునే అవకాశం కొందరికి ఉంటుంది. ఒక్కసారి చిల్లు పడితే ఆ అవకాశం పోయినట్టే. స్నానం చేసేటప్పుడు అద్దంలో ఆ చోటు చూసుకోవడం అందుకే మంచి అలవాటు.

ఆఖరి వరుస మోసకారిది. మన దగ్గర పెద్దవాళ్లకు చలిజ్వరం వస్తే ముందు మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేస్తారు, ఈలోగా ఎవరో ఒకరు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. ఆ ఒక్క ఇంజెక్షన్‌తో రక్త కల్చర్‌లో క్రిమి దొరకకుండా పోవచ్చు. క్రిమి దొరక్కపోతే తర్వాత వాడే ప్రతి మందూ ఊహ మీదే నడుస్తుంది. పేస్‌మేకరో ఐసీడీనో (ప్రాణాంతకమైన గుండె లయను షాక్‌తో సరిచేసే యంత్రం) ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం వస్తే మొదటి మాట ఇదే కావాలి: మందు మొదలుపెట్టకముందే వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు, వీలైతే మూడు రక్త కల్చర్లు తీయించండి. మనిషి నిలకడగా ఉన్నప్పుడు దీనివల్ల పోయే సమయం చాలా తక్కువ. బీపీ పడిపోయి ప్రమాదంలో ఉంటే మాత్రం కల్చర్లు తీసిన వెంటనే మందు పడాలి.

పరీక్షల్లో మరికొన్ని చిక్కులు ఉన్నాయి. పాకెట్‌కే పరిమితమైన ఇన్ఫెక్షన్‌లో రక్తంలో తెల్లకణాల సంఖ్య, సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) మామూలుగానే ఉండవచ్చు. అవి బాగున్నాయని ధీమా పడకూడదు. ఛాతీ మీద నుంచి చేసే ఈకోలో లీడ్ మీద పేరుకున్న గడ్డలు కనిపించకపోవడం మామూలే, గొంతు ద్వారా చేసే ఈకో దానికంటే చాలా నమ్మదగినది. అందులోనూ తేలకపోతే ఇన్ఫెక్షన్ ఉన్న చోటు వెలిగినట్టు చూపే పెట్ సీటీ స్కాన్ ఉపయోగపడుతుంది, కానీ ఆపరేషన్ అయిన తొలి వారాల్లో మామూలు గాయం మానేటప్పుడు కూడా అది వెలుగుతుంది కాబట్టి తప్పుదారి పట్టించవచ్చు. పాకెట్‌లోకి సూది పెట్టి చీము లాగి పరీక్షిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోపల క్రిమి లేకపోతే ఆ సూదే దాన్ని లోపలికి చేర్చవచ్చు.

## ఐదు దారులు

ముందుగా మందులు ఒక్కటే ఎందుకు చాలవో చూద్దాం. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ జాతి బాక్టీరియాతో వస్తాయి. అవి లీడ్ మీది సిలికాన్‌కో పాలీయురిథేన్‌కో అతుక్కుని తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. లోహానికీ ప్లాస్టిక్‌కీ రక్తసరఫరా లేదు, కాబట్టి రక్తంలో తిరిగే మందు ఆ పొర లోపలికి సరిగా చేరదు. పాచి పట్టిన ట్యాంకులో నీళ్లు మార్చినట్టే: కొత్త నీళ్లు నాలుగు రోజులు తేటగా కనిపిస్తాయి, గోడకు పట్టింది గోడకే ఉంటుంది.

| దారి | ఇన్ఫెక్షన్ పూర్తిగా పోతుందా | వెంటనే ఉండే ప్రమాదం | ఎవరికి తగినది |
|---|---|---|---|
| మాత్రలు, ఇంజెక్షన్లు మాత్రమే | పైచర్మానిదైతే పోతుంది. పాకెట్‌దైతే దాదాపు పోదు | తక్కువ | కుట్టు దగ్గరి పైపై ఇన్ఫెక్షన్ |
| పాకెట్ శుభ్రం చేసి అదే యంత్రం మళ్లీ పెట్టడం | చాలాసార్లు తిరగబెడుతుంది | తక్కువగా కనిపిస్తుంది | సాధారణంగా ఎవరికీ కాదు |
| సిర ద్వారా యంత్రం, లీడ్లు మొత్తం తీయడం | అవును, ఎక్కువమందికి | తక్కువే, కానీ వస్తే పెద్దది | పాకెట్, లీడ్ ఇన్ఫెక్షన్ తేలినవారిలో అత్యధికులు |
| ఛాతీ తెరిచి తీయడం | అవును | ఎక్కువ | చాలా పెద్ద గడ్డలు, కవాట మరమ్మతు అవసరమైనవారు |
| జీవితాంతం అణిచి ఉంచే మందులు | లేదు, ఆపి ఉంచుతుంది | తక్కువ | తీయడం సాధ్యం కానివారు |

పట్టికలో రెండో దారి మీద నాకు ప్రత్యేకంగా కోపం. అది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. ఖర్చు తక్కువ, ఊరు దాటనక్కర్లేదు, కుటుంబానికి ఏదో చేశామన్న తృప్తి. పాకెట్ గీకి, కడిగి, అదే యంత్రాన్ని క్రిమిరహితం చేసి కొంచెం పక్కకో కండరం కిందకో జరుపుతారు, లేదా బ్యాటరీ మాత్రం మార్చి పాత లీడ్లకే తగిలిస్తారు. పాకెట్‌లో ఉన్న లీడ్ భాగం ఇన్ఫెక్షన్‌లో మునిగి ఉన్నదే కదా, దాని రెండో కొన గుండెలో ఉంది. కొందరికి లీడ్లను కత్తిరించి లోపలే వదిలేస్తారు. అది ఇంకా చేటు: తర్వాత తీయాల్సి వచ్చినప్పుడు పట్టుకోవడానికి కొన దొరకదు. ఇలా ఒకటి రెండుసార్లు శుభ్రం చేయించుకుని పెద్ద ఆసుపత్రికి చేరేసరికి లీడ్ల వయసు పెరిగి ఉంటుంది, రోగి బలం తగ్గి ఉంటుంది.

మూడో దారి గురించి భయం ఎక్కువ, సమాచారం తక్కువ. లీడ్ లోపలి సన్నని గొట్టంలోకి బిగించే తీగ ఒకటి పంపుతారు. దాని మీదుగా తొడుగు తోస్తూ, లేజర్‌తోనో తిరిగే పదునైన కొనతోనో అతుకులను విడదీసుకుంటూ లీడ్ చివరి దాకా వెళతారు. భయపడాల్సింది ఒక్కదానికి: గుండెకు పైనుంచి రక్తం తెచ్చే పెద్ద సిర చిరిగితే నిమిషాల్లో ప్రాణం మీదకు వస్తుంది. అందుకే గుండె శస్త్రచికిత్స నిపుణుడు, ఛాతీ తెరిచే సామగ్రి అదే గదిలో సిద్ధంగా ఉండాలి. యూరప్‌లో 73 కేంద్రాల్లో 3,500 మందికి పైగా రోగులను నమోదు చేసిన ఎలెక్ట్రా రిజిస్ట్రీ 2017లో వెలువడింది. అందులో ఈ ప్రక్రియ వల్ల కలిగిన పెద్ద సమస్యలు 1.7 శాతం, మరణాలు 0.5 శాతం. ఏటా ఎక్కువ కేసులు చేసే కేంద్రాల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి.

ఈ అంకెల పక్కన తీయించకపోతే ఏమవుతుందో కూడా పెట్టి చూడాలి. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువారికి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. ఇన్ఫెక్షన్ ఉన్న 11,619 మందిలో 30 రోజుల్లోపు మొత్తం తీయించుకున్నవారు 18.2 శాతమే. ఆరు రోజుల్లోపు తీయించుకున్నవారిలో ఏడాదిలో మరణించే ముప్పు, తీయించుకోనివారితో పోలిస్తే సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. కాస్త గట్టిగా ఉన్నవారినే ఆపరేషన్‌కు ఎంచుకుని ఉండవచ్చు కాబట్టి ఈ తేడా మొత్తాన్ని ఆపరేషన్ ఖాతాలో వేయలేం. అయినా అక్కడ కూడా ఐదుగురిలో నలుగురికి మార్గదర్శకాలు చెప్పిన వైద్యం సకాలంలో అందలేదంటే మన జిల్లా కేంద్రాల పరిస్థితి వేరే చెప్పాలా?

నాలుగో దారికి వెళ్లాల్సినవారు కొద్దిమంది. లీడ్ మీది గడ్డ 20 మిల్లీమీటర్లు దాటితే, సిర ద్వారా తీసేటప్పుడు అది విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న ఆందోళనతో శస్త్రచికిత్సనో, గడ్డను ముందు గొట్టంతో పీల్చే పద్ధతినో ఆలోచిస్తారు. ఐదోది నిజాయితీగా ఎంచుకుంటే తప్పుడు దారి కాదు. తొంభై దాటిన, మంచం పట్టిన, ఇతర జబ్బులతో కృశించిన మనిషికి రోజూ మాత్రతో చీమును అణిచి ఉంచడం గౌరవప్రదమైన నిర్ణయమే. అది తాత్కాలిక సర్దుబాటని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, అంతే.

ఒక మినహాయింపు కూడా ఉంది. పాకెట్ శుభ్రంగా ఉండి, రక్తంలో మాత్రం క్రిమి దొరికితే ప్రతిసారీ యంత్రం తీయాల్సిన పనిలేదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అయితే ఇంకే కారణమూ కనిపించనప్పుడు తీయడమే మేలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ నుంచి వచ్చిన ఇ. కోలై లాంటిదైతే మందులతో నయం చేసి గమనిస్తారు, మందు ఆపాక తిరగబెడితే అప్పుడు తీయడం గురించి ఆలోచిస్తారు.

తీశాక మందులు ఎన్నాళ్లు అన్నది లోతును బట్టి ఉంటుంది: పాకెట్ వరకే అయితే దాదాపు రెండు వారాలు, రక్తంలోకి పాకితే కనీసం రెండు వారాలు, కవాటాన్ని పట్టి ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు.

## ఖాళీ అయిన గుండెకు మళ్లీ ఏది?

మొదటి ప్రశ్న: మళ్లీ పెట్టడం అవసరమా? పదేళ్ల కింద ఏ కారణంతో పెట్టారో ఆ కారణం ఇప్పుడు ఉండకపోవచ్చు. అప్పట్లో వాడిన మందు వల్ల గుండె నెమ్మదించి ఉండవచ్చు, లేదా ఐసీడీ పెట్టాక గుండె బలం పుంజుకుని ఉండవచ్చు. యంత్రం తీసిన ఆ కొన్ని రోజులు గుండె ఎలా కొట్టుకుంటోందో మానిటర్‌లో చూడటం వృథా కాదు. అవసరం లేదని తేలినవారికి అంతకంటే మంచి వార్త ఏముంటుంది?

అవసరమైతే, రక్త కల్చర్ కనీసం 72 గంటలు శుభ్రంగా ఉన్నాకే కొత్తది పెడతారు. పాత వైపు పెట్టరు.

అవతలి భుజం వైపు మామూలు పేస్‌మేకర్. అన్ని ఆసుపత్రుల్లోనూ చేస్తారు, ఖర్చు తక్కువ, రెండు లేక మూడు లీడ్ల యంత్రం కావాలన్నా దొరుకుతుంది. కానీ మళ్లీ పాకెట్, మళ్లీ లీడ్లు. షుగరు అదుపులో ఉండి, రెండు వైపులా సిరలు బాగున్నవారికి ఇదే చాలు.

లీడ్లు లేని పేస్‌మేకర్. పెద్ద మాత్ర గొట్టమంత ఉండే ఈ యంత్రాన్ని తొడ సిర ద్వారా తీసుకెళ్లి గుండె కుడి గదిలో బిగిస్తారు. మైక్రాకు అమెరికాలో 2016లో, అవైర్‌కు 2022లో అనుమతి వచ్చింది. పాకెట్టే ఉండదు కాబట్టి ఇన్ఫెక్షన్ చాలా అరుదు. డయాలసిస్ చేయించుకునేవారికి, ఒకసారి ఇన్ఫెక్షన్ చవిచూసినవారికి ఇది ముందు ఆలోచించాల్సినది. ధర లక్షల్లో ఉంటుంది. గుండె వైఫల్యానికి మూడు లీడ్లతో చేసే వైద్యం దీనితో కుదరదు. బ్యాటరీ అయిపోయాక చాలామందికి పాతదాన్ని అక్కడే వదిలి పక్కన ఇంకొకటి పెడతారు.

చర్మం కింది ఐసీడీ. దీని తీగ గుండెలోకి వెళ్లదు, ఛాతీ ఎముక పక్కన చర్మం కిందే ఉంటుంది. ప్రాణాంతకమైన లయను షాక్‌తో సరిచేస్తుంది. నిరంతరం పేసింగ్ (గుండె కొట్టుకునేలా విద్యుత్ సంకేతాలివ్వడం) మాత్రం చేయలేదు. గుండె కొట్టుకునే వేగం తక్కువగా ఉన్నవారికి ఇది ఒక్కటే చాలదు.

గుండె పైపొర మీద కుట్టే లీడ్లు. దీనికి శస్త్రచికిత్స కావాలి. సిరలు మూసుకుపోయినవారికి, ఎలాగూ ఛాతీ తెరుస్తున్నవారికి, చిన్నపిల్లలకు పనికొస్తుంది.

## మీరు ఏ కోవలో ఉన్నారు

పేస్‌మేకర్ లేకపోతే గుండె నిలిచిపోయేవారు తీయించడానికి అందరికంటే ఎక్కువ భయపడతారు. వారికి మెడ సిర ద్వారా ఒక స్క్రూ లీడ్ వేసి, దాన్ని శరీరం బయట చర్మానికి అంటించిన మామూలు పేస్‌మేకర్‌కు కలుపుతారు. తొడలో వేసే తాత్కాలిక తీగతో కదలకుండా పడుకోవాలి, అది జారిపోయే భయమూ ఉంటుంది. మెడ లీడ్ పద్ధతిలో మనిషి లేచి వార్డులో నడవవచ్చు, కూర్చుని భోజనం చేయవచ్చు, అవసరమైతే వారాల తరబడి ఆగవచ్చు. తీసే ముందే అడగండి: మధ్యలో ఏది వేస్తారు, తొడ తీగా, మెడ లీడా?

ఐసీడీ ఉన్నవారు తీసిన నాటి నుంచి కొత్తది పెట్టే దాకా ఆసుపత్రి మానిటర్ నీడలోనే ఉండటం మంచిది. అమెరికాలో ఉన్న తెలుగువారికి కొత్తది పెట్టే దాకా తొడుక్కునే డీఫిబ్రిలేటర్ చొక్కా (అవసరమైతే బయటి నుంచే షాక్ ఇచ్చేది) ఇచ్చే అవకాశం ఉంది, అడగవచ్చు.

రక్తం పలచబరిచే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. బ్యాటరీ మార్పు ముందు వార్ఫరిన్ ఆపి హెపారిన్ ఇంజెక్షన్లకు మార్చే పాత అలవాటు వల్ల పాకెట్‌లో రక్తం చేరడం పెరుగుతుందని 2013లో బ్రూయిజ్ కంట్రోల్ పరిశోధన తేల్చింది: వార్ఫరిన్ కొనసాగించినవారిలో 3.5 శాతం, హెపారిన్‌కు మార్చినవారిలో 16 శాతం. అలా రక్తం పేరుకున్న పాకెట్టే తర్వాత ఇన్ఫెక్షన్‌కు నిలయం.

ఇంకా ఇన్ఫెక్షన్ రాని, బ్యాటరీ మార్పు దగ్గర పడుతున్నవారికి: కొత్తగా పెట్టడం కంటే మార్చడంలోనే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. జ్వరం ఉంటే వాయిదా వేయించండి, షుగరు అదుపులోకి తెచ్చుకోండి, కోతకు గంట లోపు యాంటీబయాటిక్ ఇస్తున్నారా అని కనుక్కోండి. మినోసైక్లిన్, రిఫాంపిన్ పూసిన జాలీ సంచిలో యంత్రాన్ని పెట్టే పద్ధతిని 2019లో రాప్-ఇట్ పరిశోధన దాదాపు 7,000 మందిలో పరీక్షించింది. పెద్ద ఇన్ఫెక్షన్లు 1.2 నుంచి 0.7 శాతానికి తగ్గాయి. ముప్పు తక్కువ ఉన్నవారికి ఆ ఖర్చు అంత అవసరం అనిపించదు. డయాలసిస్, స్టెరాయిడ్లు, రెండో మూడో ఆపరేషన్ ఉన్నవారికి తగినదే.

## డబ్బు, కాగితాలు

తీయడం, కొత్తది పెట్టడం రెండు వేర్వేరు ఖర్చులు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను రెండింటి గురించీ విడివిడిగా అడగాలి. ఒకటి వర్తించి ఇంకొకటి వర్తించకపోతే ఆ సంగతి బల్ల మీద పడుకున్నాక తెలియకూడదు.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు: ఏడాదికి ఎన్ని లీడ్లు తీస్తారు, లేజర్ లేదా తిరిగే తొడుగు మీ దగ్గరే ఉందా, సర్జన్ గదిలో ఉంటారా పిలిస్తే వస్తారా, మధ్యలో పేసింగ్ ఎలా. మొదటి దానికి సూటిగా అంకె చెప్పలేని చోటి నుంచి మర్యాదగా లేచి రావచ్చు.

పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు వెంట తీసుకెళ్లండి. అందులో లీడ్ల కంపెనీ, మోడల్, పెట్టిన తేదీ ఉంటాయి, ఏ పరికరంతో తీయాలో వాటిని బట్టే నిర్ణయిస్తారు. తీశాక పాకెట్ కణజాలం, లీడ్ కొన రెండూ కల్చర్‌కు పంపమని చెప్పండి. మామూలు కల్చర్‌లో ఏమీ రాకపోయినా, నెలల తర్వాత నెమ్మదిగా మొదలైన ఇన్ఫెక్షన్ అయితే మైకోబాక్టీరియా (క్షయ క్రిమి జాతికి చెందిన బాక్టీరియా) కోసం కూడా చూడమని ల్యాబ్‌కు విడిగా రాయించండి. త్వరగా పెరిగే రకం మైకోబాక్టీరియాకు కూడా వారం దాకా పట్టవచ్చు, ల్యాబ్ రెండు మూడు రోజులకే పళ్లెం పారేస్తే అది బయటపడదు. దానికి వాడే మందులూ వేరు, వాడాల్సిన కాలం నెలల్లో ఉంటుంది.